మళ్లీ మొదటి నుంచి చెప్పే సారు

పుట్టినప్పటి నుంచి మాట రాని నా బిడ్డ యమున, మొన్న దసరాకు ముందు నాలుగు రోజులు మూగదైపోయింది.

ఇదేం లెక్క అని మీరు అడగకముందే చెప్తాను. యమునవి పాము చెవులు. తెలివి నాకంటే రెండు బారలు ఎక్కువ. నోరే ఆమె చెప్పినట్టు వినదు. కాళ్లు అసలే వినవు. కుడిచెయ్యి మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడు వింటుంది. ఆ చేతి వేలి కణుపుతో, ఒళ్లో ఉన్న టాబ్లెట్ మీద గళ్లు నొక్కుతుంది. ఏ గడి నొక్కితే ఆ మాట బయటికి పలుకుతుంది. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో యమున మాట అంటే అదే. నీళ్లు అడిగినా, నన్ను తిట్టినా, పక్కింటి పెండ్లికి రానని మొండికేసినా దాంతోనే. ఆ టాబ్లెట్ కిందపడి పలిగింది.

పడేసింది వేరే ఎవరూ కాదు, నేనే. నాది మైకు ఆటో. హాలియా చుట్టుపక్కల చీరల మేళా అన్నా, కొత్త చెప్పుల దుకాణం అన్నా, తప్పిపోయిన మేకపోతు అన్నా నా గొంతే వినబడుతుంది. ఆ రోజు యమునను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, దారిన పోయే తెలిసినవాణ్ని మైకులో ఆటపట్టిస్తూ, కాలువ వంతెన మీద అడ్డంగా నిలబడ్డ బర్రెను చూసుకోలేదు. గట్టిగా బ్రేకు కొట్టాను. బర్రెకు ఏమీ కాలేదు. యమునకు ఏమీ కాలేదు. టాబ్లెట్ మాత్రం ఎగిరి వంతెన గోడకు తగిలి, రోడ్డు మీద బోర్లా పడింది.

నల్లగొండలో రిపేరు చేసే పిల్లవాడు దాని వెనక మూత ఊడదీసి, భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు.

"అన్నా, బోర్డే పోయింది. లోపలున్నదేదీ రాదు. కాపీ గిట్ల తీసి పెట్టుకున్నరా?"

"కాపీ కొట్టుడు వచ్చుంటే ఏడో తరగతిల బడెందుకు బంద్ చేస్త తమ్మీ" అన్నాను.

అలవాటుకొద్దీ నోరు అన్నది గానీ, చేతులు టాబ్లెట్‌ను అతని ముందు నుంచి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాయి. ఎందుకంటే ఆ టాబ్లెట్‌లో పలికే గొంతు మా అమ్మది. మా అమ్మ నిరుడు ఎండాకాలంలో పోయింది. టాబ్లెట్ ఇంకోటి కొనొచ్చు. గొంతు ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఆ టాబ్లెట్‌లో మాటలు పెట్టిచ్చిన సారుకు ఫోన్ చేశాను. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని ఒక ఆడమనిషి చాలా మర్యాదగా మూడుసార్లు చెప్పింది. కరోనా తర్వాత సారు మా వైపు రాలేదు. చివరిసారి చూసినప్పుడే సన్నటి మనిషి ఇంకా సన్నబడి, దగ్గుతూ ఉన్నాడు. ఉన్నాడో లేడో కూడా తెలియదు. తిరుగు బస్సులో చచ్చిపోయిన టాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకుని, దారిపొడుగునా ఆ సారునే తలుచుకున్నాను.

ఆయన నాకు తారసపడ్డది కొత్త జిల్లాలు ఏర్పడ్డ రోజుల్లో. ఏ ఊరు ఏ జిల్లాకు పోయిందో తేలక చాయ్ హోటళ్లలో జనం కొట్లాడుకుంటున్నారు. నేను సర్కారు బడి వెనక గల్లీలో ఆటో మెల్లగా పోనిస్తూ చీరల మేళా ప్రచారం చేస్తున్నాను.

"రండమ్మా రండి! అసలు సిసలు నారాయణపేట చీర! మీరు కట్టుకుంటే అత్తకు కండ్లు కుట్టాలె, ఆడిబిడ్డకు అన్నం సయించొద్దు!"

బడి గేటులోంచి ఒక మనిషి ఉరికొచ్చి ఆటోకు అడ్డంగా రెండు చేతులు చాపి నిలబడ్డాడు. చెవి మీద పెన్సిలు ముక్క. దవడ కదులుతోంది గానీ మాట రావడం లేదు.

"అ... అ... అన్నా, నీ... నీ..."

నేను మైకు ఆపలేదు. "నీకు చీర గావాల్నా సారూ? ఎంతమందికి?" అన్నాను. గల్లీ అంతా పగలబడి నవ్వింది.

ఆయన నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. ఆటో ముందు రేకు మీద చూపుడువేలితో మెల్లగా పది దెబ్బలు కొట్టాడు. తర్వాత "అన్నా" నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నేను, "మైకు గావాలె, గంతేనా?" అని అందుకున్నాను. మళ్లీ పది దెబ్బలు. మళ్లీ "అన్నా" నుంచి. మూడోసారికి నాకు సంగతి తెలిసిపోయింది.

"నా గొంతు గావాలె. గదేనా?"

అదే. సరిగ్గా అదే. అయినా ఆయన పది దెబ్బలు కొట్టి, మొదటి నుంచి మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాడు: "అన్నా, నీ గొంతు కావాలె."

"గదే గదా సారూ నేనన్నది! మళ్ల ఎందుకు గంత తక్లీబు?"

"నువ్వన్నది నిజమే. గని అది నీ మాట. నాది ఇంకా రాలే" అన్నాడు.

ఆయన మాటల్లోని విరుపులు ఇక ముందు రాయను. రాస్తే మళ్లీ మైకులో ఎక్కిరించినట్టే అవుతుంది. మీరే మధ్య మధ్య ఆగి చదువుకోండి. ఆయనతో మాట్లాడటం అంటే అదే, ఆగడం.

బడి వెనక గదిలో శనివారం శనివారం మాట రాని పిల్లలు ఎనిమిదిమంది దాకా పోగయ్యేవాళ్లు. వాళ్ల కోసం సారు టాబ్లెట్‌లో మాటల ఆట తయారు చేస్తున్నాడు. అంతకుముందు దానికి పట్నంలో ఎవరితోనో గొంతు పెట్టించాడు. ఒక గడి నొక్కి నాకు వినిపించాడు. "నాకు దాహముగా ఉన్నది. దయచేసి మంచినీరు ఇవ్వగలరా?" అంది లోపలున్న ఆడమనిషి.

"సారూ, గీ బిడ్డ నీళ్లడుగుతాందా, నీళ్ల ట్యాంకు గావాల్నని దరఖాస్తు పెడతాందా?"

ఆయన చెవి మీది పెన్సిలు తీసి ఆ మాటను కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుని అప్పుడు చెప్పాడు. ఈ గొంతు విని పిల్లలు తల తిప్పడం లేదట. నా మైకు వినబడగానే ఎనిమిది తలలూ కిటికీ వైపు తిరిగాయట. అందుకే ఉరికొచ్చాడు.

"నా గొంతుకు కిరాయుంటది సారూ" అన్నాను. "మా ఇంట్ల గూడ ఒకతున్నది, మాట రాదు. దానితోని ఒక్క మాట అనిపియ్యి. గదే కిరాయి."

నవ్వుతూనే అన్నాను. అంతవరకు బయటివాళ్లతో ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఊరంతా నోరేసుకుని తిరిగేవాడికి నోరులేని బిడ్డ పుట్టిందని జనం జోకు చేస్తారని భయం. నేనైతే చేసేవాణ్ని. ఆయన మాత్రం నవ్వలేదు.

"ఎన్నేండ్లు?"

"ఆరు."

"వచ్చే శనివారం తోల్కరా."

ఆయన నల్లగొండ పక్కన పానగల్లో కిరాయి గదిలో ఉండేవాడు. బస్సు దిగేటప్పుడు సంచిలో రెండు టాబ్లెట్లు, ఒక కట్ట గళ్ల కాగితాలు. సొంతూరు నారాయణపేట. మగ్గాల ఇంటి బిడ్డ. వాళ్ల నాయిన చీర అంచును ముందు గళ్ల కాగితం మీద పెన్సిలుతో నింపుకుని, ఆ తర్వాతే మగ్గం ఎక్కించేవాడట. ఈయనా అంతే. కంప్యూటరు ముట్టుకోకముందు ప్రతి ఆటనూ గళ్ల కాగితం మీద గీసేవాడు. ఏ మాట ఏ గడిలో ఉండాలి, ఏ చేతికి ఏ గడి దగ్గర అని. వేలు వణికే పిల్లలకు గడి వెడల్పు పెంచేవాడు. ఒక మాట జాగా మార్చాలంటే మూడు శనివారాలు ఆలోచించేవాడు. "పొద్దున లేచేసరికి నీ ఇంటి దర్వాజ ఇంకో దిక్కున ఉంటే ఎట్లుంటది అన్నా?" అనేవాడు.

చాయ్ వేడిగా తాగగా నేను ఎన్నడూ చూడలేదు. కప్పు ముందర పెట్టుకుని ఎవరో ఒక పిల్ల ఏ గడి నొక్కుతుందా అని చూస్తూ కూర్చుంటాడు. చాయ్ మీద మీగడ కట్టి, ఆ మీగడ ముడతలు పడి, అందులో ఈగ పడి, ఆ ఈగ ఈత నేర్చుకున్నాక తాగేవాడు. ఈగ సంగతి నేను కలిపాను. మిగతాదంతా నిజం.

నా గొంతుకు మొదట ఇచ్చిన వేషం బర్రె. చిన్నప్పుడు మా లెక్కల సారు నన్ను బర్రెలు కాసేందుకు తప్ప పనికిరావని తిట్టాడు. తక్కువ అంచనా వేశాడు. నేను బర్రెనే అయ్యాను. ఆటలో ఒక బర్రె రోడ్డుకు అడ్డంగా పడుకుని ఉంటుంది. వెనక బస్సు ఆగి ఉంటుంది. పిల్లలు "గడ్డి" అని నొక్కితే బర్రె తింటుంది. "నీళ్లు" అంటే తాగుతుంది. "అవ్వా" అంటే చెవులు ఊపి, "నేనేనా అవ్వను?" అంటుంది. అది నా మాట. "జరుగు" అంటే లేచి, వీపు దులుపుకుని, "చెప్పొచ్చు గదా ముందే" అని పక్కకు పోతుంది. బస్సు పాంపాం అంటూ వెళ్లిపోతుంది.

ఏమీ నొక్కకపోతే? ఏమీ కాదు. బర్రె నెమరు వేస్తూ ఉంటుంది. గంటైనా వేస్తుంది.

"సారూ, గిట్ల ఊకుంటే ఎట్ల? తప్పు నొక్కితే 'కాదు, మళ్ల చూడు' అనాలె. మంచిగ నొక్కితే 'శభాష్' అని చప్పట్లు కొట్టాలె. ఫోన్ల ఆటలన్నీ గట్లనే ఉంటయి."

"నువ్వు రోజంతా మాట్లాడతవు గదా అన్నా. మాట్లాడినందుకు నీకెవరన్న చప్పట్లు కొడతరా?"

"నాకు కొడితే చెప్పుతోనే కొడతరు సారూ."

"మరి పిల్లలకెందుకు? జరుగు అంటే బర్రె జరగాలె. మాటకు గంతకన్న ఏం గావాలె?"

అదీ సారు. అప్పటికి నవ్వొచ్చింది. ఇంటికి పోయాక నిద్ర పట్టలేదు. నేను జరుగు అంటే జరిగేవాళ్లు ఈ లోకంలో ఎంతమంది ఉన్నారో, నా బిడ్డ అంటే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకున్నాను. బిడ్డ లెక్క సున్నా దగ్గరే ఆగింది.

ఆటలో బర్రె, కాకి, కండక్టరు నా గొంతులే. అయితే ఆరేళ్ల ఆడపిల్ల సొంత మాటలు నా గొంతులో పలికితే మీసాలు మొలుస్తాయి కదా. సారు ఐదుగురితో ఒకే మాట చెప్పించాడు. నా భార్య సుజాత, నా మేనకోడలు, బడి టీచరమ్మ, ఇంకొక అమ్మాయి. ఐదోది వద్దన్నా వినకుండా మా అమ్మది. ఐదు గళ్లు పెట్టి, "నీకు ఏ గొంతు గావాలె బిడ్డా?" అని యమునను అడిగి, ఊరుకున్నాడు. బల్ల మీద పది దెబ్బలు. మళ్లీ పది. యమున అన్నీ రెండేసిసార్లు నొక్కి విన్నది. చివరికి మా అమ్మ గడి మీద కణుపు ఆనించి, తియ్యలేదు.

"అది ముసలి గొంతు గాదా! మా సుజాతది పెట్టు సారూ" అన్నాను.

"ఆమె చెప్పింది" అన్నాడు సారు. అంతే. ఆ రోజు నుంచి నా ఆరేళ్ల బిడ్డ డెబ్భై ఏళ్ల గొంతుతో, దవడలో వక్కాకు పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

మా అమ్మతో మాటలు చెప్పించడం అంత తేలిక కాలేదు. ఆమె టాబ్లెట్‌ను మనిషే అనుకుంది. "ఆగు" అని చెప్పమంటే, "ఎవరిని ఆగమనాలె?" అని అడిగింది. నేను పక్కనుంచి, "అవ్వా, ఊకె ఆగు అను, తొందరగ" అంటున్నాను. ఆమె నావైపు తిరిగి, "జర ఆగరాదుర! పుట్టినప్పటి సంది గదే ఉరుకుడు" అంది. సారు కళ్లు మెరిశాయి. మొదటి ముక్క కోసి "ఆగు" గడిలో పెట్టేశాడు.

సుజాతకు నచ్చలేదు. "బిడ్డ బాపును పట్టుకొని 'ఆగరాదుర' అంటదా? రా అంటదా? నలుగురు ఏమనుకుంటరు?"

సారు ఆమెకేసి చూసి, "అక్కా, యమునను ఇంట్ల ఎవరన్న తిడతరా? ఎక్కిరిస్తరా?" అని అడిగాడు.

"అయ్యో, మాట రాని బిడ్డను ఎవరు ఎక్కిరిస్తరు సారూ! పాపం గాదా."

"గదే. మిగతా పిల్లలందరినీ ఎక్కిరిస్తరు. మేనమామలు, మేనత్తలు, బావలు, అందరు. మారుమాట రాదని ఈమె ఒక్కతెను ఇడిసిపెట్టిండ్రు. నీళ్లు, అన్నం అడగకున్నా మీరు ఇస్తరక్కా. తగువు ఎవరిస్తరు?"

సుజాత చీర కొంగుతో టాబ్లెట్ అద్దం తుడిచింది. తర్వాత "ఉండనీయుండ్రి" అంది.

ఇంటివాళ్లందరం కావాలన్న గళ్లు నీళ్లు, అన్నం, నొప్పి, బాత్రూం. అవన్నీ పెట్టాడు గానీ, యమున చేతికి అన్నిటికన్నా దగ్గరి జాగాలో, అన్నిటికన్నా పెద్దదిగా ఆయన పెట్టిన గడి "పో".

ఇక ఆ శనివారం. టాబ్లెట్ యమున ఒళ్లో ఉంది. సారు ఒక పక్క, నేను ఒక పక్క. ఏమైనా అని ఆమెను ఆటపట్టించమని నాకు చెప్పాడు. నాకదేం భాగ్యం! "ఏమే యమునా, నిన్న రాత్రి నా పళ్లెంల కోడి ముక్కలన్నీ నువ్వే తిన్నవంటగా? నీ పొట్ట జూడు, హాలియా బియ్యం మిల్లు లెక్కున్నది" అన్నాను. యమున నవ్వింది. నవ్వు ఆమెకు ఎప్పుడూ వచ్చు. సారు వేలితో బల్ల మీద పది దెబ్బలు. నేను నోరు తెరవబోతే, ఆయన చెయ్యెత్తాడు. మళ్లీ పది. జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఉన్నది మా నాయిన శవం ముందరే. "సారూ, దానికి రాదు, ఊకోండ్రి" అన్న మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగాను. ఎన్ని పదులు అయ్యాయో గుర్తులేదు. యమున చెయ్యి గాలిలో లేచి, దారి తప్పి, తిరిగొచ్చి, పెద్ద గడి మీద పడింది.

"పోరా, పో!" అంది మా అమ్మ గొంతు.

నన్నే. నా మొహం మీదే. నా ఆరేళ్ల బిడ్డ తన మొట్టమొదటి మాటతో నన్ను బయటికి పొమ్మంది. సారు తలెత్తి ఫకాలున నవ్వాడు. ఆయన నవ్వగా నేను విన్నది అదొక్కసారే. ఎక్కడా విరగకుండా, తట్టుకోకుండా, మా కాలువలో నీళ్లు వదిలినట్టు వచ్చింది. నేను మాత్రం నిజంగానే బయటికి పోయాను. బడి గోడ పక్కన నిలబడి ముక్కు చీదుకుని, కళ్లు తుడుచుకుని వచ్చాను. జరుగు అంటే బర్రె జరగాలె కదా.

ఆ తర్వాత మా ఇంటికి వచ్చిన ప్రతి మేనమామా ఆమెను ఎక్కిరించాడు, ప్రతివాడూ పొమ్మనిపించుకున్నాడు.

చివరిసారి సారును చూసింది హాలియా బస్టాండులో. అంతకుముందే మా ఇంటికి వచ్చి, గళ్లన్నీ ఒకసారి సరిచూసి, మా అమ్మ దగ్గర కాసేపు కూర్చుని, చల్లారిన చాయ్ తాగాడు. నేను బస్సు ఎక్కించడానికి వచ్చాను. బస్సు కదలబోతుండగా మెట్టు మీద నిలబడి, "అన్నా, ఇంకొక... ఇంకొక..." అంటున్నాడు. కండక్టరు ఈల వేస్తున్నాడు. దగ్గుతున్న మనిషి. నాకు జాలేసి, "ఇంకొకసారి వస్తరు, గంతే గదా సారూ! తప్పకుంట రాండ్రి!" అని వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోశాను. బస్సు కదిలింది. ఆయన కిటికీ చువ్వ మీద వేలితో కొడుతూ కనిపించాడు. పది అయ్యేసరికి బస్సు మలుపు తిరిగింది.

మళ్లీ రాలేదు.

ఇదంతా తలుచుకుంటూ నల్లగొండ నుంచి ఇల్లు చేరేసరికి ఇంట్లో యుద్ధం జరుగుతోంది. టాబ్లెట్ పోయినప్పటి నుంచి యమున ఎదుటి గోడకేసి చూస్తూ ఏడుస్తోంది. "ఫ్యానెయ్యాల్నా? కడుపు నొస్తుందా? టీవీ పెట్టాల్నా?" సుజాత ఒకటి తర్వాత ఒకటి అడుగుతోంది. ప్రతి ప్రశ్నకూ యమున కళ్లు గట్టిగా మూసుకుంటుంది. కాదు అని. గోడ మీద మా అమ్మ ఫోటో ఉంది. "అవ్వ యాదికొస్తున్నట్టున్నది" అని నేనే ఆ ఫోటో తీసి లోపల దాచాను. యమున ఇంకా గట్టిగా అరిచింది. రెండోరోజు, మూడోరోజు ఇదే. మేం మందులు, బిస్కెట్లు, మంత్రం వేసే ముసలమ్మ దాకా పోయాం. అందరం ఆమె మాటను ఆమెకంటే ముందే పూర్తి చేస్తున్నాం. ఏదీ ఆమె మాట కాదు.

నాలుగోరోజు పొద్దున నా వేలు దానంతటదే మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పది అయ్యాక అడగడం మానేసి యమున ఎదురుగా కింద కూర్చున్నాను.

"ఏమడగవా?" అంది సుజాత.

"అడగ. నువ్వు గూడ అడగకు."

యమున ఏడుపు ఆపి నన్ను వింతగా చూసింది. మళ్లీ పది. ఆమె కళ్లు గోడకు పోయాయి. నా మీదికి వచ్చాయి. మళ్లీ గోడకు పోయాయి. ఫోటో ఉన్న జాగాకు కాదు, దానికి కింద. నేను లేచి గోడ దగ్గరికి పోయి క్యాలెండరు మీద చెయ్యి పెట్టాను. కళ్లు మూసుకుంది. క్యాలెండరు పక్కన మేకుకు మా అమ్మ వక్కాకు సంచి. ఆమె పోయినా, తియ్యబుద్ధి కాక అట్లాగే ఉంచాం. దాని మీద చెయ్యి పెట్టాను.

యమున ఇంటి పైకప్పు ఎగిరిపోయేట్టు నవ్వింది.

సంచి బోర్లించాను. ఎండిన తమలపాకు పొట్టు, అడకత్తెర, సున్నం డబ్బీ. అడుగున గళ్ల కాగితం మడత. విప్పితే గోరంత మెమరీ కార్డు. కాగితం మీద పెన్సిలుతో రాసి ఉంది: "యమున మాటలు. ఇంకొక కాపీ." కింద ఒక ఫోన్ నంబరు, పక్కన "నారాయణపేట ఇల్లు".

ఇంకొక కాపీ. బస్సు మెట్టు మీద ఆ మనిషి చెప్పబోయిన మాట అది. నేను దాన్ని జాలిపడి పూర్తి చేసి, లోపలికి తోసేశాను. కార్డు మా అమ్మ చేతికి ఇస్తున్నప్పుడు ఎదురుగా ఉన్నది యమునే. మా అమ్మకు అదేమిటో తెలియదు. సారు దాచమన్నాడు, దాచింది. విరిగిన గాజు ముక్క కూడా పారెయ్యని మనిషి ఆమె. పారేసే అలవాటు ఉన్నవాణ్ని నేనని సారుకు ఎట్లా తెలిసిందో మరి.

మధ్యాహ్నానికి నల్లగొండ పిల్లవాడు ఇంకో టాబ్లెట్‌లో కార్డు పెట్టి తెరిచాడు. గళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కరోనా తర్వాత మేం చేర్చుకున్న కొన్ని మాటలు పోయాయి. వాటిని సుజాత గొంతుతో పెట్టుకుంటాం. బర్రె ఇంకా నెమరు వేస్తూనే ఉంది. ఇంటికి తెచ్చి యమున ఒళ్లో పెట్టగానే, నాలుగు రోజుల బాకీ అంతా ఒకేసారి తీర్చేసింది. "పోరా, పో! పోరా, పో! పోరా, పో!" సుజాత చేటలో బియ్యం వదిలేసి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. అత్త గొంతు విని ఆమె అంత సంతోషపడటం నేను అదే చూడటం.

సాయంత్రం ధైర్యం చేసుకుని కాగితం మీది నంబరు కొట్టాను. యమునకు వినబడాలని స్పీకరులో పెట్టాను. నాలుగుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు. వెనక మగ్గం చప్పుడు. ఆ చప్పుడు ఆగిపోయింది.

అటు నుంచి మాట లేదు. లైను ఉందా, పోయిందా? ఇంట్లోవాళ్లెవరైనా ఎత్తారా? ఆ మనిషి ఇక లేడని చెప్పడానికి మాట వెతుక్కుంటున్నారా?

"హలో! సారూ, మీరేనా? నేను, హాలియా మైకు ఆటో... మీ ఆరోగ్యం మంచిగనే..."

"జర ఆగరాదుర!" అంది మా అమ్మ గొంతు.

యమున కణుపు "ఆగు" గడి మీద ఉంది. కళ్లు ఉరిమి చూస్తోంది.

ఆగాను.

ఫోనులోంచి చెక్క మీద వేలితో కొడుతున్న చప్పుడు వచ్చింది. ఒకటి. రెండు. నేనూ యమునా కలిసి లెక్కపెట్టాం. ఎనిమిది. తొమ్మిది. పది.

"అ..." అంది అటు గొంతు.

మిగిలిన సగం మాట ఏమిటో నాకు తెలుసు. చెప్పలేదు.